ఒక చిలుకకు పట్టే చోటు

ఇప్పటికి మూడు ఉత్తరాలు రాశాను. మొదటిది మామూలు పోస్టులో, రెండోది రిజిస్టరు పోస్టులో పంపాను. మూడోదాన్ని నేనే బస్సులో ఆదోనికి తీసుకుపోయి మా కాలేజీ పాత విద్యార్థుల సంఘం కార్యదర్శి చేతికిచ్చాను. ఆయన కవరు విప్పకుండానే జేబులో పెట్టుకుని, "సూస్తాం లేన్నా, నువ్వేమీ మనసులో పెట్టుకోవద్దు" అన్నాడు. మనసులో పెట్టుకోవద్దని నాకు చెప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఎవరు ఏ రోజు ఎక్కడ నిలబడి ఆ మాట అన్నారో ఇప్పటికీ చెప్పగలను. కార్యదర్శి అయితే తన ఇంటి గేటు దగ్గర అన్నాడు, లోపలికి రమ్మనకుండా.

విషయం ఇది. మాతో డిగ్రీ చదివిన వాళ్లంతా కలిసి ఈమధ్య ఒక జ్ఞాపక సంచిక అచ్చు వేశారు. అందులో మా క్లాసు శశిధర గురించి ఒక పూర్తి పేజీ ఉంది. అతను బెంగళూరులో పెద్ద ఉద్యోగం చేసి విశ్రాంతి తీసుకుంటున్నాడు. మన ప్రాంతంలో మొట్టమొదటి కంప్యూటర్ ఆట తయారు చేసింది అతనేనట. దెబ్బ తగలగానే తలకిందులై రాలిపోయే చిలుక అతని ఊహాశక్తికి నిదర్శనమట. మొట్టమొదటి అన్న మాటతో నాకు పేచీ లేదు. ఎవరు మొదలో ఎవరు లెక్కపెట్టారు? చిలుక దగ్గరే నాకు మింగుడు పడలేదు. ఆ చిలుక ఎందుకు తలకిందులైందో ఈ భూమ్మీద తెలిసినవాళ్లు ముగ్గురే: శశిధర, నేను, మా అక్క. ఉత్తరాలు ఎవరూ చదవడం లేదు కాబట్టి జరిగినదంతా ఇక్కడ రాస్తున్నాను.

మా ఇల్లు ఎమ్మిగనూరులో మగ్గాల వీధిలో ఉండేది. ముందు గదిలో రెండు గుంత మగ్గాలు, వెనక గదిలో మేము. మగ్గాలకు దొరికిన వెలుతురు మాకు దొరికేది కాదు. నాయన పొద్దున్నే గుంతలోకి కాళ్లు దించే ముందు మగ్గాన్ని తాకి కళ్లకద్దుకునేవాడు. మొదటి కండె నూలు అయిపోయేదాకా ఎవరితోనూ మాట్లాడడు. చుట్టాలు వచ్చినా, పోస్టుమాన్ వచ్చినా, ఆ కండె అయ్యేదాకా గడపలో నిలబడాల్సిందే. పడుగుకు పట్టించిన గంజి పులుపు వాసన, పెరట్లో రంగుల బానల వాసన, పెనం మీద మాడే జొన్నరొట్టె వాసన, ఈ మూడూ కలిసి ఇంట్లో ఒకే వాసనగా ఉండేవి. నా చొక్కాలకు కూడా అదే ఉండేదని ఆదోనికి చదువుకు పోయాకే తెలిసింది. మొదటి వారంలోనే ఒకడు నా పక్కనుంచి లేచి వేరే బెంచీకి మారాడు. వాడి పేరు రాయను. వాడికి తెలుసు.

మా అక్క నాగవేణి నాకన్నా ఆరేళ్లు పెద్దది. ఏడో తరగతి దాకా చదివింది. నాయనకు చూపు మందగించాక చీరల అంచులకు గళ్ల కాగితం మీద బొమ్మలు గీసే పని ఆమె చేతికి వచ్చింది. పొయ్యి మీద పప్పు ఉడుకుతుంటే గుమ్మంలో కూర్చుని, మోకాలి మీద అట్ట పెట్టుకుని, పెన్సిలుతో ఒక్కో గడీ నింపేది. చిలుకలు, మామిడి పిందెలు, ఏనుగులు, గోపురాలు. ఎప్పుడైనా రబ్బరు వాడిందేమో గాని నేను చూడలేదు. గీయడం అయిపోయాక కాగితం మూలన నాయన పేరు రాసేది. మగ్గం ఎవరి పేరున ఉంటే అంచు వాళ్ల పేరునే షావుకారు దగ్గరికి పోవాలి. వీధిలో అన్ని ఇళ్లలోనూ అదే పద్ధతి. దాని గురించి ఎవరూ మాట్లాడేవాళ్లు కాదు. ఇంటి గోడలు ఎందుకు ఉన్నాయని ఎవరు అడుగుతారు?

శశిధర వాళ్లది ఆదోనిలో పత్తి మండీ. కింద మండీ, పైన ఇల్లు, మిద్దె మీద ఒక గది. బొంబాయిలో వ్యాపారం చేసే అతని చిన్నాయన ఒకసారి వస్తూ కంప్యూటర్ తెచ్చాడు. కంప్యూటర్ అంటే ఇప్పటివాళ్లకు ఏదో తోస్తుంది. అది నల్లగా, తమలపాకుల పెట్టె అంత ఉండేది. మీద రబ్బరు మీటలు. దానికి వేరే తెర లేదు, టీవీకి తగిలించాలి. ఆట ఆడాలంటే టేపురికార్డరులో క్యాసెట్ పెట్టి, అది కీచుమని అరుస్తుంటే అయిదారు నిమిషాలు కూర్చోవాలి. మధ్యలో ఓల్టేజి తగ్గిందంటే మళ్లీ మొదటికి. ఆదోనిలో ఓల్టేజి ఎప్పుడు తగ్గదో చెప్పడమే కష్టం. చుట్టుపక్కల మిల్లులు తిరిగే వేళల్ని బట్టి మేము ఆటకు కూర్చునేవాళ్లం. కాలేజీ అయ్యాక, మధ్యాహ్నం అన్నం తిని శశిధర వాళ్ల నాయన కునుకు తీసి లేచిన తర్వాత, మా ఎమ్మిగనూరు బస్సు బయల్దేరేదాకా ఉన్న గంటా గంటన్నర మాది. కిటికీ తెరిస్తే పత్తి దూది పొగలాగా లోపలికి వచ్చేది. ఎక్కడో నూనె మిల్లులో చెనిక్కాయలు వేగిన వాసన. ఈ రోజుకీ ఆ వాసన తగిలితే నా బొటనవేళ్లు వాటంతట అవే కదులుతాయి.

ఆ గదిలో కుర్చీ ఒక్కటే. అది శశిధరది. నేను మడిచిన గోనెపట్టా మీద కూర్చునేవాణ్ణి. చుక్కలు మింగుతూ సందుల్లో పరిగెత్తే ఆట ఒకటి, పైనుంచి దిగే ఓడల్ని కిందినుంచి కాల్చే ఆట ఒకటి, ఇంకా మూడు ఉండేవి. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు. నా మూడు ప్రాణాలు పోతే మీటలు అతనికి ఇవ్వాలి. అతని మూడు పోతే, "ఇది లెక్కలేదు, మీట ఇరుక్కున్యాది" అని ఇంకోసారి ఆడేవాడు. ఇరుక్కునే మీట ఎప్పుడూ అతని వంతులోనే ఇరుక్కునేది. అయినా నిజం చెప్పాలి. ఆ యంత్రాన్ని చూడనిచ్చినవాడు ఆ ఊరు మొత్తంలో అతనొక్కడే. నా చొక్కా వాసన గురించి ఎన్నడూ మాట్లాడనివాడు కూడా.

వాళ్ల అవ్వ మాటలో సగం కన్నడం, సగం తెలుగు. మెట్లెక్కి వచ్చి గుమ్మం పట్టుకుని నిలబడి "బారప్పా ఈరన్నా, ఉంటివా?" అని నన్నే ముందు పలకరించేది. యంత్రానికి రోజూ కుంకుమ బొట్టు పెట్టేది, మీటల మీద పడకుండా పక్కన. తర్వాత మేమే ఆట రాయడం మొదలుపెట్టాక, ఒకసారి ఖాళీ క్యాసెట్ అనుకుని ఆమె భజన పాటల క్యాసెట్ మీద దాన్ని ఎక్కించేశాం. మర్నాడు పొద్దున పూజలో ఆమె మీట నొక్కితే కీచుమని మా ఆట మొదలైంది. మేము పోయేసరికి ఆమె గుమ్మంలోనే ఉంది.

"ఏమిరా శశీ, దేవుడు అట్ల అరుస్తాండాడు? ఏం చేసినారు మీరిద్దరూ?"

"మేం కాదవ్వా, టేపు పాతదయింది."

"టేపు పాతదయితే పాట సాగుతాది. ఇది దెయ్యం పట్టినట్లు అరిసింది. సెప్పు ఈరన్నా, నువ్వు అబద్ధం సెప్పవు."

చెప్పాను. శశిధర మూడు రోజులు నాతో మాట్లాడలేదు. అవ్వ మాత్రం నవ్వి, "పోనీ, ఆటలోనన్నా దేవుడుండాడా?" అని అడిగింది.

క్యాసెట్లు అరిగిపోతూ వచ్చాయి. ఒక దాని టేపును రికార్డరు నమిలేసింది. ఇంకోదాన్ని ఎంతసేపు తిప్పినా సగంలో ఆగిపోయేది. చివరికి మాకు మిగిలింది యంత్రంతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం. సొంతంగా ఆట రాసుకోవడం ఎట్లాగో అందులో ఉంది. శశిధర ఇంగ్లీషు మీడియంలో చదివినవాడు, చదివి అర్థం చెప్పేవాడు. నేను లెక్కల్లో అతనికన్నా మెరుగు. ఇది నేను చెప్పుకోవడం కాదు, మార్కులు చూడవచ్చు. బస్సులో ఒళ్లో నోటుబుక్కు పెట్టుకుని ఒక వారం గీసి కొట్టేసి, ఒక ఆట ఊహించాను. తెర పైనుంచి కిందికి పడుగు పోగులు వేలాడుతుంటాయి. చిలుకలు వచ్చి పోగుల్ని కొరుకుతాయి. కింద నాడె, అంటే మగ్గంలో అడ్డ పోగు మోసుకుపోయేది, అటూ ఇటూ పరిగెడుతూ కండెలు పైకి విసిరి చిలుకల్ని కొట్టాలి. పోగులన్నీ తెగితే ఆట అయిపోయినట్లు. పేరు "పడుగు".

నాడె విషయంలో మొదటి గొడవ వచ్చింది. మీట నొక్కితే అది ఈ అంచు నుంచి ఆ అంచు దాకా పోవాల్సిందే, మధ్యలో ఆగకూడదని నేను అన్నాను.

"మధ్యలో ఆగకపోతే ఎట్లరా ఆడేది? చిలక కిందికి పోయి నిలబడి కొట్టాల గదా!"

"మధ్యలో ఆగితే పోగులు తెగుతాయి. ఎప్పుడన్నా మగ్గం సూసినావా నువ్వు?"

"ఇది ఆట రా సామీ, మీ ఇంట్లో మగ్గం కాదు."

"నాడె అని పేరు పెట్టినాక అది నాడె మాదిరే పోవాల."

రెండు రోజులు వాదించాం. నేను వదల్లేదు. చివరికి నాడె ఆగకుండా పోతుండగానే సరైన క్షణంలో కండె విసరాలని తేలింది. ఆడి చూస్తే అదే మజా అయింది. మీటలు నొక్కి అన్నీ టైపు చేసింది శశిధర. అది నేను ఎప్పుడూ కాదనలేదు. ఆ రబ్బరు మీటల మీద అతని వేళ్లు పోయినట్లు నావి పోయేవి కావు.

ఇక బొమ్మలు. పుస్తకంలో చెప్పినట్లు ఒక్కో బొమ్మ ఎనిమిది గళ్ల వెడల్పు, ఎనిమిది గళ్ల ఎత్తు. ఒక్కో వరుసకు ఒక్కో అంకె. నిలువు వరసలకు కుడినుంచి ఎడమకు ఒకటి, రెండు, నాలుగు, ఎనిమిది అంటూ రెట్టింపవుతూ నూట ఇరవై ఎనిమిది దాకా విలువలు ఉంటాయి. నింపిన గళ్ల విలువలు కూడితే ఆ వరుస అంకె. ఒక చిలుకకు ఎనిమిది అంకెలు. మేము గీసిన చిలుకలు కప్పల్లాగా, చెప్పుల్లాగా వస్తున్నాయి. నేను ఇంటికి వచ్చి అక్కను అడిగాను. ఆమె బియ్యంలో రాళ్లు ఏరుతూ విన్నది.

"ఎన్ని గళ్లు?"

"ఎనిమిది అడ్డం, ఎనిమిది నిలువు."

"అంతేనా! ఎనిమిది గళ్లలో చిలక అంటే ముక్కుకే సాలవు కదరా. సరే, తే."

చాట పక్కన పెట్టింది. ముందు తోక తగ్గించింది, తర్వాత కాళ్లు తీసేసింది, ముక్కు మాత్రం ఒక్క గడితో వంపు తిప్పింది. అయిదు నిమిషాల్లో కాగితం మీద చిలుక కూర్చుంది. అంకెల లెక్క చెప్పబోతే, "తెలిసింది లే" అని, ప్రతి వరుస పక్కనా మొత్తం తానే వేసింది. ఎనిమిది అంకెలనూ కింద వరసగా రాసి ఇచ్చింది. పోగులు లెక్కపెట్టే చేతికి అదేమీ పెద్ద కూడిక కాదు.

మర్నాడు శశిధర ఆ అంకెలు ఎక్కించాడు. తెర మీద చిలుక వచ్చింది, కాళ్లు లేకుండా, తల కిందికి, తోక పైకి. శశిధర కుర్చీలోంచి పడేంత నవ్వాడు.

"ఏమి ఈరన్నా, మీ ఎమ్మిగనూరు చిలకలు ఇట్లనే ఎగుర్తాయా? గబ్బిలాలకు పుట్టినాయా?"

నాకు ఒళ్లు మండింది. ఇంటికి వచ్చి, తప్పు రాసిచ్చావని అక్కమీద ఎగిరాను. ఆమె కాగితం అడిగి తీసుకుని చూసింది.

"తప్పేముంది? అడుగు వరుస మొదలు పెట్టి పైకి రాసినా."

"పైనుంచి కదక్కా రాయాల్సింది."

"మగ్గం మీద ముందు నేసేది అడుగు వరుసే. పైనుంచి ఎవడన్నా నేస్తాడేంరా? గాల్లో నేస్తారా?"

నిజమే. గుడ్డ కిందినుంచి పైకి పెరుగుతుంది. అంచు కాగితం ఎవరు చదివినా కిందినుంచే చదువుతారు. మా వీధిలో పుట్టిన మనిషి ఎవరైనా ఆ అంకెల్ని అట్లాగే రాస్తాడు. పత్తి మండీలో పుట్టినవాడు ఎన్నటికీ రాయడు. ఇది ఆ సంచిక వేసినవాళ్లు గమనించాలి.

వరుసలు తిరగేస్తే చిలుక నిలబడింది. కానీ శశిధర పాత అంకెలు తీసేయబోతుంటే నేను ఆపాను. రెండూ ఉండనీ, కండె తగిలిన చిలుక తలకిందులై పడిపోతుంది అన్నాను. ఎక్కించి, మొదటి చిలుకను కొట్టాం. అది గాల్లో తిరగబడి, ముక్కు కిందికి పెట్టుకుని, తెర అడుగుదాకా రాలింది. ఇద్దరం ఒకేసారి అరిచాం. కింద మండీలోంచి ఎవరో ఏమైందని కేక వేశారు. శశిధర నా భుజం మీద కొట్టి, "మీ అక్కకు మొక్కాల రా!" అన్నాడు. ఆ మాట అతను అన్నాడు. నేను మరిచిపోలేదు.

ఆ ఏడు శ్రావణమాసంలో ఆదోనిలో ఒక విజ్ఞాన ప్రదర్శన పెట్టారు. కాలేజీల పిల్లలు తాము చేసినవి చూపించవచ్చన్నారు. ముందురోజు సాయంత్రం మేము ఆట మొదటి తెర తయారు చేశాం. పైన ఆట పేరు, కింద ఇంగ్లీషు అక్షరాల్లో మా ఇద్దరి పేర్లు. నా పేరు ముందు పెడదామని శశిధరే అన్నాడు. ఆ తెరను నా కళ్లతో చూసి, క్యాసెట్‌లోకి ఎక్కించడం కూడా చూసి, బస్సెక్కాను.

మర్నాడు పొద్దున బస్సు దొరకలేదు. శ్రావణమంటే ఉరుకుంద ఈరన్న స్వామి తిరునాళ్లు. బస్సులన్నీ అటే పోతున్నాయి. ఆదోని పోయేవి ఒకటీ అరా వచ్చినా కడ్డీ పట్టుకునే చోటు లేదు. ఆ స్వామి పేరే నాకు పెట్టారు. ఆయన భక్తులే నన్ను ఎక్కనివ్వలేదు. మూడు బస్సులు వదిలేసి నాలుగోదాని వెనక నిచ్చెన పట్టుకున్నాను. ప్రదర్శన దగ్గరికి చేరేసరికి మధ్యాహ్నం కావస్తోంది.

మా బల్ల చుట్టూ జనం. చిలుక తలకిందులైనప్పుడల్లా నవ్వులు. నాకు పట్టరాని సంతోషం కలిగింది. ఆట అయిపోయి మొదటి తెర మళ్లీ వచ్చింది. పైన ఆట పేరు. కింద శశిధర పేరు. అంతే.

జనం మధ్యలోంచి తోసుకుని ముందుకు పోయాను. "నా పేరు యాడ శశీ?"

"ఇప్పుడా వచ్చేది? ఆఫీసరు వచ్చి పోయినాడు. రెండు సార్లు ఆడినాడు తెలుసా!"

"నా పేరు యాడని అడుగుతాండా."

"మెమరీ సాల్లేదురా. పొద్దున ఎక్కిస్తే సగంలో నిలబడిపాయె. ఏదో ఒకటి తీసేయాల్సి వచ్చింది. రేపు పెడతా లే."

"ఏదో ఒకటి అంటే నా పేరే దొరికిందా నీకు?"

"సిన్నపిల్లోని మాదిరి సేస్తావేంది, ఇంతమంది ముందర?"

పక్కన అతని చిన్నాయన ఉన్నాడు. ఎవరో పెద్దమనిషి, "ఎవరు చేసినారు ఇది?" అని అడిగితే, "మా శశి" అన్నాడు. శశిధర నావైపు చూశాడు, మళ్లీ తెరవైపు చూశాడు. నేను కాదనలేదు. ఎందుకు కాదనలేదో చాలా ఏళ్లు ఆలోచించాను. అతను చెప్తాడని ఎదురుచూశాను, అందుకే. నేను చెప్తే అడుక్కున్నట్లు ఉంటుంది.

తిరుగు బస్సులో లెక్క వేశాను. ఇంగ్లీషులో నా పేరుకు ఏడు అక్షరాలు. యంత్రంలో అక్షరానికి ఒక అంకె, అంటే ఏడు అంకెలు. ఒక చిలుకకు ఎనిమిది. నా పేరుకు పట్టే చోటు ఒక చిలుకకు పట్టే చోటుకన్నా తక్కువ. దాని పక్కన పెట్టే గుర్తులూ అవీ కలిపినా పెద్ద తేడా రాదు. ముందురోజు పట్టిన చోటు మర్నాడు ఎక్కడికి పోతుంది? అయితే ఒక్కటి ఒప్పుకోవాలి. ఆ యంత్రం నిండిపోయే దాకా నింపాం. రోజు మార్చి రోజు దానికి ఏదో ఒకటి అరిగేది కాదు. పొద్దున్నే అతను ఏదైనా కలిపి ఉంటే నిజంగానే నిలబడిపోయి ఉండవచ్చు. ఉండవచ్చు. ఆ ఒక్క మాటే నన్ను ఇన్నేళ్లు నిలవనివ్వలేదు. మోసం అని తేలిపోయి ఉంటే ఎప్పుడో వదిలేసేవాణ్ణి.

ఇంటికి చేరేసరికి అక్క దీపం పెడుతోంది. జరిగింది చెప్పాను. నాయన విని, చుట్ట వెలిగించుకుని బయటికి పోయాడు. అక్క నా ముందు నీళ్లు పెట్టింది.

"పోనీ లేరా. మగ్గం వాళ్లది కదా."

"మగ్గం వాళ్లదయితే? నేసింది ఎవరు?"

అక్క దీపం వత్తి ఎగదోసింది. తర్వాత చాలా మెల్లగా, నావైపు చూడకుండా అడిగింది. "నిన్న ఇద్దరి పేర్లు పెట్టినామంటివే. నా పేరు పెట్టినారా?"

నాకు ఆ ఆలోచనే రాలేదు. ముందురోజు ఆ తెర ముందు అంతసేపు కూర్చున్నాం, ఎవరి పేరు ముందు, ఎవరి పేరు వెనక అని మాట్లాడుకున్నాం. అక్క పేరు నా నోటికి రాలేదు. ఆ మాట చెప్పడానికి సిగ్గేసింది. ఏమన్నానో తెలుసా? "యాడక్కా, సోటు సాల్లేదు" అన్నాను. మధ్యాహ్నం నేను విన్న మాటనే, సాయంత్రానికి ఆమెకు అప్పజెప్పాను. అక్క "అట్లనా" అని లేచి పోయింది. మర్నాడు మామూలుగానే అంచు గీసింది, మూలన నాయన పేరు రాసింది.

తర్వాత నేను ఆ మిద్దె ఎక్కలేదు. శశిధర రెండుసార్లు కబురు పెట్టాడు, పోలేదు. ఒకసారి ఆదోని బస్టాండులో అవ్వ కనిపించి, "యాల రావట్లేదప్పా? మావోడు ఆ పెట్టె ముట్టుకోవడమే మానుకున్యాడు" అంది. చదువు ఎక్కువైందవ్వా అన్నాను. నన్ను అబద్ధం చెప్పనివాడు అన్న మనిషికి అబద్ధం చెప్పాను. తర్వాత నేను కౌతాళంలో లెక్కల మాస్టరునయ్యాను. శశిధర బెంగళూరు పోయాడు. చాలా ఏళ్లకు ఒక పెళ్లిలో పక్కపక్కనే భోజనానికి కూర్చున్నాం. బీపీ మాత్రలు ఎవరు ఏవి వేసుకుంటున్నామో చెప్పుకున్నాం. అతను ఆ మాట ఎత్తుతాడని నేను ఆగాను. పెరుగన్నం దాకా ఆగాను. ఎత్తలేదు.

సంచిక చూసిన తర్వాత, మూడు ఉత్తరాలూ అయిపోయిన తర్వాత, గోనెగండ్లలో ఉన్న అక్క ఇంటికి పోయాను. ఇంట్లో ఆమె మనవరాలు సెల్‌ఫోన్‌లో ఏదో ఆట ఆడుతోంది. రంగులు, పాటలు, లోపల ఊళ్లకు ఊళ్లే ఉన్నాయి. నొక్కగానే వచ్చింది, అయిదు నిమిషాలు ఎదురుచూడాల్సిన పని లేదు. "ఎవరు చేసినారమ్మా ఈ ఆట?" అని అడిగాను. ఆ పిల్ల తల ఎత్తకుండా, "ఎవరూ సేయలేదు తాతా, ఊరికే డౌన్‌లోడ్ అయితాది" అంది. నాకు కోపం రాలేదు. ఇప్పుడు ఒక ఆటకు వందలమంది పనిచేస్తారట, ఎవరి పేరూ ఎవరికీ తెలియదట, వాళ్లకు జీతం వస్తే చాలట. మాకు జీతం లేదు. ఇద్దరు మనుషులు, ఒక ఆడమనిషి పెన్సిలు, అరిగిన టేపు. పేరు ఒక్కటే ఉండేది. అప్పటి రోజులు మంచివని నేను అనను. అప్పుడూ పేర్లు పోయేవి. కాకపోతే ఎవరి చేతిలో పోయాయో తెలిసేది.

అక్క చెనిక్కాయలు ఒలుస్తూ కూర్చుని ఉంది. ఇప్పుడు చూపు బాగా తగ్గింది, వేళ్లతో తడిమి పుచ్చువి పక్కకు తీస్తోంది. నేను పక్కన కూర్చుని సంచికలో పేజీ చదివి వినిపించాను. చిలుక దగ్గరికి వచ్చేసరికి నవ్వింది.

"అక్కా, నీకొక మాట సెప్పాల. ఆ రోజు సోటు సాల్లేదని అంటిని సూడు. అది అబద్ధం. సోటుండె. నాకే గుర్తుకు రాలేదు."

అక్క చేయి ఆగింది. "నాకు అప్పుడే తెలుసు లేరా."

"తెలిసీ యాల అడగలేదు?"

"ఒగసారి అడిగినా కదా. రెండోసారి అడిగితే ఏం బాగుంటాది? నువ్వే సెప్తావని సూసినా." మళ్లీ కాయలు తడమడం మొదలుపెట్టింది. కాసేపటికి, "ఇప్పుడు సెప్పినావు. సాలు" అంది. అంతే. ఇన్నేళ్ల మాట తీరడానికి అంతే పట్టింది. ఇంటికి వచ్చేదాకా బస్సులో నాకు ఒళ్లు తేలికగా ఉంది. సిగ్గుగానూ ఉంది.

అందుకే ఇక కార్యదర్శికి రాయను. శశిధరా, నీకే రాస్తున్నాను. సంచికలో దిద్దుబాటు వేయమని అడగడం లేదు. వేసినా మా నాగవేణక్క పేరు ముందు వేయాలి, నాది తర్వాత. నేను అడిగేది ఒక్కటే. ఆ రోజు పొద్దున నిజంగా చోటు చాలలేదా, నువ్వే తీసేశావా? చాలలేదంటే నమ్ముతాను. తీసేశానంటే కూడా నీమీద కోపం పెట్టుకోను. ఆ అబద్ధం ఎంత సులభంగా నోటికి వస్తుందో నాకు తెలుసు, అదే రోజు సాయంత్రం నేనూ ఆడాను. నేను చెప్పాల్సినవాళ్లకు చెప్పేశాను. నువ్వు ఇంకా చెప్పలేదు. ఒక పోస్టుకార్డు చాలు. చాలలేదా, తీసేశావా? జవాబు రాయి.